అంబాసిడర్ వెనక భాగం కొయ్యబోయి ఆగిపోయా

ఈ ఎపిసోడ్ స్టూడియోలో కాదు, మా ఊరు కోట్‌పల్లిలో, మా ఇంటి పక్కన రేకుల షెడ్డులో తీస్తున్నా. గాలికి రేకుల చప్పుడు వస్తుంటది, కొంచెం అడ్జస్ట్ అవ్వండి. కోట్‌పల్లి అంటే మీలో చాలామందికి ప్రాజెక్టు, కయాకింగ్, ఆదివారం హైదరాబాద్ నుంచి వచ్చే కార్లు. మాకైతే కోట్‌పల్లి అంటే రోడ్డు. ఇటు పెద్దేముల్ మీదుగా తాండూరు, అటు ధారూర్ మీదుగా వికారాబాద్. ఈ చుట్టుపక్కల తాండూరు బండల లారీలు, సిమెంట్ లారీలు తిరుగుతూనే ఉంటాయి. లోడ్ లారీ రోజూ తొక్కితే రోడ్డు ఎట్లుంటదో మీకు చెప్పక్కర్లేదు. మధ్యలో బాగానే ఉంటది, ఎడమ పక్క చక్రం పోయే చోట గాడి పడుతది. ఈ గాడి విషయం గుర్తు పెట్టుకోండి, దీని పని ముందుంది.

నా వెనకాల టార్పాలిన్ కింద ఉన్నది 1996 మోడల్ అంబాసిడర్, 1800 ఐఎస్‌జెడ్. జపాన్ ఇసుజు కంపెనీ డిజైన్ చేసిన 1817 సీసీ పెట్రోల్ ఇంజిన్, 75 హార్స్ పవర్, ఐదు గేర్లు. ఇదే ఇంజిన్ ఇంకొంచెం పవర్‌తో కాంటెస్సాలో వచ్చేది. మన దేశానికి మజిల్ కార్ అనేది ఏదన్నా ఉంటే అందరూ కాంటెస్సానే చూపిస్తారు కదా. మా బండికి గుండె అదే, ఒళ్ళు మాత్రం తాతయ్యది. మా నాన్న తాండూరులో ఒక బండల వ్యాపారి దగ్గర డ్రైవర్. ఆయన కొత్త బండి తీసుకున్నప్పుడు పాతది నాన్నకు తక్కువ రేటుకు ఇచ్చిండు. నా బీటెక్ ఫీజులు సగం ఈ బండి కిరాయిలతోనే కట్టినం. పెళ్ళిళ్ళు, ఆస్పత్రులు, అనంతగిరి జాతర, అన్నిటికీ ఇదే.

ఇప్పుడు అసలు సంగతి. పోయినేడు అమ్మకు నడుము నొప్పి మొదలైంది. స్కాన్ తీస్తే డిస్క్ జరిగింది అన్నరు. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి వికారాబాద్ పోవాలి, బండిలో కుదుపులు ఉండొద్దు అని డాక్టర్ గట్టిగా చెప్పిండు. నేను అప్పటికే గచ్చిబౌలిలో ఉద్యోగం మానేసి వీడియోలు మొదలుపెట్టి ఏడాది. కొత్త కారుకు ఈఎంఐ కట్టే పరిస్థితి లేదు. అద్దె కారు ప్రతిసారీ దొరకదు. ఉన్నది ఈ అంబాసిడర్. దాని వెనక సీట్లో అమ్మ కూర్చుంటే, ఆ గాడి వచ్చిన ప్రతిసారి పళ్ళు కొరుక్కుని కిటికీ పైన పట్టుకుంటది. అద్దంలో కనిపిస్తది నాకు.

అదే టైమ్‌లో నా బీటెక్ రూమ్మేట్, టెక్సాస్‌లో ఉంటడు, వీడియో కాల్ చేసిండు. వాడి దగ్గర 1998 మస్టాంగ్ జీటీ ఉంది. గ్యారేజీలో జాక్‌ల మీద నిలబెట్టి, వెనక యాక్సిల్ మొత్తం దించేసి, ఇంకో కొత్త సెట్ ఎక్కిస్తున్నడు. "ఐఆర్‌ఎస్ వేస్తున్నరా" అన్నడు. నేను ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళు అనుకున్న. కాదు, ఇండిపెండెంట్ రియర్ సస్పెన్షన్. వెనక రెండు చక్రాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఎగిరే సస్పెన్షన్. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే.

ఇది ఏంటో ఒక నిమిషంలో చెప్తా. కావడి చూసే ఉంటరు, కనీసం సినిమాలో. ఒక కర్ర, రెండు చివర్ల రెండు కుండలు. ఒక పక్క కుండ కిందికి దిగితే ఇంకో పక్క కుండ పైకి లేస్తది. మా అంబాసిడర్ వెనక భాగం అచ్చం అదే. రెండు చక్రాల మధ్య ఒకటే ఇనుప గొట్టం, దాన్ని మెకానిక్‌లు హౌసింగ్ అంటరు. మధ్యలో గుండ్రంగా పుచ్చకాయంత ఉబ్బు, అందులో క్రౌన్, పినియన్. ఎడమ చక్రం గాడిలో దిగితే గొట్టం మొత్తం వంగుతది, కుడి చక్రం కూడా ఒరుగుతది. వెనక సీట్లో ఉన్న మనిషి పక్కకు ఊగుతడు. డిస్క్ జరిగినోళ్ళకు పైకీ కిందికీ కుదుపు కంటే ఈ పక్క ఊపే ఎక్కువ నొప్పి అని అమ్మ చెప్పింది.

ఇండిపెండెంట్ అంటే కావడి తీసేసి, ఇద్దరు మనుషులకు చెరొక కుండ ఇవ్వడం. వాడి గుంత వాడిది, వీడి గుంత వీడిది. క్రౌన్ ఉన్న ఉబ్బును బాడీకి బిగించేస్తరు. అక్కడి నుంచి రెండు పక్కలా కీళ్ళు ఉన్న చిన్న షాఫ్ట్‌లు చక్రాలకు పోతాయి. మీ ఇంట్లో స్విఫ్ట్ ఉంటే ముందు చక్రాల దగ్గర రబ్బరు బూట్లు వేసుకుని కనిపిస్తాయి చూడండి, అట్లాంటివే.

ఇంకో లాభం బరువు. కాళ్ళకు ఐదు కిలోల రాళ్ళు కట్టుకుని పరుగెత్తడం వేరు, అవే రాళ్ళు బ్యాగులో వేసుకుని పరుగెత్తడం వేరు. అంబాసిడర్‌లో గొట్టం, క్రౌన్, డ్రమ్ములు అన్నీ చక్రంతో పాటే ఎగురుతాయి. ఎగిరిన ఇనుమును మళ్ళీ కిందికి తెచ్చి రోడ్డుకు ఆనించడం కమాన్ పట్టీల పని. దాన్ని అన్‌స్ప్రంగ్ వెయిట్ అంటరు. 1999లో ఫోర్డ్ వాళ్ళు మస్టాంగ్ కోబ్రాకు ఇండిపెండెంట్ పెట్టినప్పుడు బండి మొత్తం బరువు దాదాపు 36 కిలోలు పెరిగింది, కానీ చక్రంతో ఎగిరే బరువు మాత్రం దాదాపు 57 కిలోలు తగ్గింది. మా వాడు ఎక్కిస్తున్నది ఆ కోబ్రా సెట్టే.

సరే, నేను కూడా సాఫ్ట్‌వేర్ మనిషినే కదా. వాడు అక్కడ రన్ చేసిన కోడ్ ఇక్కడ కాపీ పేస్ట్ చేస్తే ఎందుకు నడవదు అనుకున్న. ఆటోనగర్‌లో పాత కార్లు విప్పే షెడ్ల వెంబడి మూడు రోజులు తిరిగిన. పాత మెర్సిడెస్ డబ్ల్యూ124 వెనక సెట్ ఒకటి దొరికింది. ఈ మోడల్‌ను 1995 నుంచి పుణెలో బిగించిన్రు. ఒక్కో చక్రాన్ని ఐదు లింకులు పట్టుకుని ఉంటాయి, ఆ రోజుల్లో పెద్ద పేరున్న డిజైన్. సబ్‌ఫ్రేమ్, క్రౌన్, షాఫ్ట్‌లు, డిస్క్ బ్రేకులు అన్నీ కలిపి 48,000. నా సేవింగ్స్‌లో ఎంత భాగమో చెప్పను, అమ్మ ఈ వీడియో చూస్తది. టాటా ఏస్‌లో వేసుకుని ఊరికి తెచ్చిన. నాన్న చూసిండు. ఏం అనలే. బీడీ ముట్టించుకుని లోపలికి పోయిండు. మా నాన్న తిట్టకపోతే భయపడాలి.

తెల్లారి తాండూరులో మా బండికి మొదటి నుంచి పనిచేసే మెకానిక్ చాచా దగ్గరికి పోయిన. డెబ్బై దగ్గర ఉంటాయి ఆయనకు, తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడతడు. ఆయన ఇంటికి వచ్చి టేపు పట్టి కొలిచిండు. మెర్సిడెస్ సెట్ మా బండి కంటే ఐదు అంగుళాల దాకా వెడల్పు. అంటే టైర్లు బయటికి పొడుచుకొస్తాయి, మడ్‌గార్డులు కొయ్యాలి. ఇక్కడ చక్రానికి స్టడ్‌లు, నట్లు. అక్కడ బోల్టులు. ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు మార్చాలి. హ్యాండ్ బ్రేక్ కేబుల్, బ్రేకు పైపులు కొత్తవి. సైలెన్సర్ పోయే దారి లేదు. ఇవన్నీ చిన్నవే అన్నడు చాచా, లేత్ ఉంటే చేయొచ్చు. తర్వాత బండి కిందికి దూరి, డిక్కీ నేల మీద సుత్తితో చిన్నగా కొట్టిండు. తుప్పు పొట్టు రాలింది.

"బేటా, దీన్ని దేనికి బిగిస్తవ్?" అన్నడు.

నేను చాసిస్‌కు అన్న. చాసిస్ ఎక్కడుంది చూపించు అన్నడు. అప్పుడు వెలిగింది నాకు. అంబాసిడర్ చూడ్డానికి లారీలా గట్టిగా ఉంటది కానీ, దానికి లారీకున్నట్టు విడి చాసిస్ ఉండదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన డిజైన్, మోనోకాక్. అంటే రేకే చాసిస్. రేకును మడిచి పెట్టెల్లా చేసి, ఏ చోట బలం పడుతదో అక్కడ దట్టంగా చేసిన్రు. మా బండిలో వెనక బలం పడే చోట్లు నాలుగే, ఒక్కో కమాన్ కట్టకు ముందొకటి, వెనకొకటి. బండిని తోసే బలం, బ్రేకు కొడితే ఆపే బలం అక్కడి నుంచే బాడీకి ఎక్కుతాయి. మెర్సిడెస్ సబ్‌ఫ్రేమ్ అడిగే చోట్లు వేరే. అక్కడ మా బండిలో ఉన్నది డిక్కీ పలక రేకు, అది కూడా 1996 నాటిది, వానలకు తడిసి తడిసి ఉన్నది.

ఇంకొకటి ఉంది. గొట్టం యాక్సిల్‌లో ఇంజిన్ బలం వచ్చినప్పుడు హౌసింగ్ వెనక్కి తిరగబోతది, ఆ తిప్పుడును కమాన్ పట్టీలు వంగి తీసుకుంటాయి. ఇండిపెండెంట్‌లో క్రౌన్ బాడీకి బిగించి ఉంటది కాబట్టి ఆ తిప్పుడు మొత్తం బాడీ మోయాలి. మన రేకు మోస్తదా? లింకుల కొలత ఇంకా డేంజర్. బ్రాకెట్ కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ వెల్డింగ్ చేస్తే, గుంతలో దిగినప్పుడల్లా వెనక చక్రం తనంతట తాను కొంచెం పక్కకు తిరుగుతది. స్టీరింగ్ మీ చేతిలో నిటారుగా ఉంటది, బండి వెనకభాగం ఇంకో దిక్కు చూస్తది. ఎనభై స్పీడులో, వెనక సీట్లో అమ్మ.

రాత్రి మా వాడికి మళ్ళీ కాల్ చేసిన. నీది ఎట్లా కుదిరిందిరా అని. వాడు చెప్పింది విని సిగ్గేసింది. 1999 కోబ్రా సబ్‌ఫ్రేమ్‌ను ఫోర్డ్ వాళ్ళే, మామూలు మస్టాంగ్ బాడీలో పాత యాక్సిల్ లింకులు బిగించే చోట్లకే కూర్చునేలా తయారు చేసిన్రు. అదే బాడీ. వాడు చేసింది పాత నట్లు విప్పి కొత్త నట్లు బిగించడం, ఎక్కువగా. కొలిచింది, టెస్ట్ చేసింది కంపెనీ ఇంజినీర్లు. అమెరికాలో హాట్ రాడ్ వాళ్ళు 1961 జాగ్వార్ సెట్‌ను దశాబ్దాలుగా రకరకాల బండ్లకు ఎక్కిస్తున్నరు, నిజమే. కానీ వాళ్ళలో చాలామంది కింద విడి ఫ్రేమ్ ఉన్న బండ్లకు, లేదా కొత్తగా ఫ్రేమ్ చేసి ఎక్కిస్తరు. నేను చేయబోయింది వేరు. నాకు నేనే కంపెనీ, నాకు నేనే టెస్ట్ డ్రైవర్. ప్రొడక్షన్‌లో డైరెక్ట్‌గా డిప్లాయ్ చేయడం అన్నమాట, రోల్‌బ్యాక్ లేకుండా.

అప్పుడు రూల్స్ కూడా చదివిన, ముందే చదవాల్సింది. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52. ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన దానికి వేరేగా అయ్యేటట్టు బండి మార్చొద్దు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగానే చెప్పింది. అదే ఏడాది సవరణలో 182ఎ వచ్చింది, చట్టం ఒప్పుకోని ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. గ్యాస్ కిట్ లాంటివాటికి దారి ఉంది, ఆర్‌సీలో ఎక్కించుకుంటే సరిపోతది. మెర్సిడెస్ కాళ్ళకు అట్లాంటి దారి నాకు కనపడలే. ఇంకోటి, 2021లో వచ్చిన వింటేజ్ రూల్ ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేసుకోవచ్చు, కానీ చాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు ఉండొద్దు. మా బండికి ఆ లెక్కన 2046. ఇప్పుడు కోస్తే అప్పటికి ఆ దారి కూడా మూసుకున్నట్టే.

అయినా మనసు ఒప్పుకోలే. అమ్మ నడుము సంగతేంది మరి? ఒక ఆదివారం మా పెళ్ళైన చెల్లి వాళ్ళు ఇన్నోవాలో వచ్చిన్రు. అమ్మను దాంట్లో కూర్చోబెట్టి అదే రోడ్డు మీద తిప్పినం. "దీంట్ల మంచిగుంది" అంది. తిరిగొచ్చాక వంగి వెనక చూసిన. ఏముంది అక్కడ? గొట్టం! ఇన్నోవా క్రిస్టా వెనక ఉన్నది కూడా ఒకటే యాక్సిల్. కమాన్ పట్టీలకు బదులు కాయిల్ స్ప్రింగులు, గొట్టాన్ని పట్టుకునే నాలుగు లింకులు, పక్కకు జరగకుండా ఒక రాడ్డు. అంతే. మన రెండు రాష్ట్రాల్లో సుఖంగా ఉంటదని అందరూ చెప్పే బండికే కావడి ఉంది. ఫార్చ్యూనర్‌కూ అంతే. 2020 థార్‌కూ వెనక గొట్టమే. స్విఫ్ట్ వెనక ఉన్నది కూడా పూర్తి ఇండిపెండెంట్ కాదు. నేను ఇన్ని రోజులు తప్పు వస్తువు మీద కోపం పెట్టుకున్న అన్నమాట.

కోబ్రా కొన్నవాళ్ళలో డ్రాగ్ రేసులు ఆడేవాళ్ళు కొందరు ఇండిపెండెంట్ పీకేసి మళ్ళీ గొట్టం పెట్టుకున్నరని కూడా మా వాడే చెప్పిండు, గట్టిగా వదిలితే చక్రాలు దుంకుతున్నాయని. నవ్వొచ్చింది.

మళ్ళీ చాచా దగ్గరికి పోయిన. "ఇప్పుడు కమాన్లు విప్పుదాం" అన్నడు, ఈ మాట కోసమే ఎదురుచూసినట్టు. తాండూరులో లారీల వల్ల కమాన్ పని తెలిసినోళ్ళకు కొదువ లేదు. రెండు రోజులు పట్టింది. యు-బోల్టులు తుప్పు పట్టి తిరగలే, కోసినం. మొత్తం పనిలో కోసింది అవే.

కట్ట విప్పి పట్టీలు నేల మీద వరుసగా పేర్చినం. ఒక పట్టీ తేడాగా ఉంది. మందం ఎక్కువ, అంచులు వేరే, ఎవరో జీపుది కోసి వేసినట్టు. రెండు పక్కలా ఉంది. చాచా ఏం మాట్లాడలే. నాన్న అక్కడే ఉన్నడు, ఆయన చెప్పిండు. 2009లో కందుల సీజన్‌లో, ఎనిమిది మంది మనుషులు, డిక్కీలో బస్తాలు వేసుకుని తాండూరు తిరిగేటోడిని, వెనక కుంగుతుందని పట్టీ ఎక్కించిన అన్నడు. నేను ఫస్టియర్‌లో చేరబోయే ముందు కట్టిన డొనేషన్ సంగతి నాకు గుర్తుంది. ఆ సీజన్‌లోనే కూడబెట్టిన్రు అని ఇప్పుడు తెలిసింది. ఎనిమిది మందికి వేసిన గట్టిదనం, ఇప్పుడు ఒక్క అమ్మ కూర్చుంటే ఎట్లా వంగుతది? వంగదు. రాయిలా కొడుతది.

మిగతా పట్టీల మధ్య తుప్పు పేరుకుని అవన్నీ కలిసి ఒకే ఇనుప ముద్ద అయిపోయినాయి. కమాన్ కట్ట అంటే పట్టీ మీద పట్టీ జారాలి, అప్పుడే అది స్ప్రింగ్. జారకపోతే అది దూలం. బుష్‌లు పగిలి రబ్బరు పొడిలా రాలింది. షాక్ అబ్జార్బర్లలో ఒకటి చేత్తో నొక్కితే దిగిపోతుంది, తిరిగి రాదు. గాడిలో పక్కకు ఊపడానికి సగం కారణం అదే, పక్క ఊపును ఆపేటోడే లేడు.

ఎక్స్‌ట్రా పట్టీలు తీసేసినం. మిగతావి రుద్ది, గ్రాఫైట్ గ్రీజు పెట్టి, కొత్త సెంటర్ బోల్టు వేసినం. రెండు పట్టీల వంపు తగ్గింది, కాల్చి వంచుదామా అని షాపు కుర్రాడు అంటే చాచా ఒప్పుకోలే. కాల్చి మళ్ళీ సరిగా టెంపర్ చేయకపోతే నెలకే కుంగుతదట. చల్లగానే సుత్తి దెబ్బలతో వంపు తీయించిండు. కొత్త బుష్‌లు, కొత్త షాక్‌లు రెండు, కొత్త యు-బోల్టులు. టైర్లలో గాలి కూడా నాన్న ఎప్పుడూ లోడ్ లెక్కన కొట్టించేటోడు, తగ్గించినం. మొత్తం కూలీతో సహా 14,500 అయింది. మెర్సిడెస్ సెట్ ఆటోనగర్‌లోనే 31,000కు అమ్మిన. 17,000 పోయినాయి, టాటా ఏస్ కిరాయి అదనం.

ముందూ తర్వాతా ఫోన్‌తో కొలిచిన కూడా. ఫోన్‌లో యాక్సిలెరోమీటర్ ఉంటది కదా, ఫ్రీ యాప్‌లు చాలా ఉన్నాయి. ఫోన్‌ను వెనక సీట్లో అమ్మ కూర్చునే చోట టేపుతో అతికించి, ఊరి నుంచి ప్రాజెక్టు కట్ట దాకా నలభై స్పీడులో పోయిన, రెండుసార్లు, అదే గాడి మీద. స్క్రీన్ మీద చూడండి, ఎరుపు గ్రాఫ్ పాతది, తుమ్మ ముళ్ళలా ఉంది. ఆకుపచ్చది కొత్తది. ముళ్ళు ఇంకా ఉన్నాయి, కానీ పొట్టిగా అయినాయి, ముఖ్యంగా పక్క ఊపుది. ఇన్నోవా అంత రాలేదు, నిజం చెప్తున్నా. గొట్టం బరువు గొట్టం బరువే. దానికి మందు లేదు.

ఇది లాబ్ టెస్ట్ కాదు. ఎవరికైనా పాత బండి ఉంటే, ఏదన్నా కొయ్యక ముందు ఒకసారి కమాన్ కట్ట విప్పించి చూడండి. ఎవరు ఎప్పుడు ఏ కష్టంలో ఏం ఎక్కించిన్రో బండికే తెలుస్తది.

మొన్న మంగళవారం అమ్మను వికారాబాద్ తీసుకుపోయిన. నాన్న ముందు సీట్లో. ధారూర్ దాటినంక అద్దంలో చూస్తే అమ్మ చెయ్యి కిటికీ పైన లేదు. ఒళ్ళో పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలుస్తుంది. నాన్న వెనక్కి తిరిగి చూసిండు, నా దిక్కు చూసిండు, "ఆ జీపు పట్టీలు పారేయకు, పారలకు పనికొస్తయ్" అన్నడు. షెడ్డులో మూలకు పెట్టిన. అదిగో, చాట పక్కన కనిపిస్తున్నవే.